ఒబామా ముస్లిం అంటూ మన తెలుగు గ్రూపులోనే మెయిళ్ళు. మీకూ వస్తున్నాయా?

ఆష్‌బర్న్_శీను | 20 అక్టోబర్ 2008

మా ఊళ్ళో తెలుగువాళ్ళకి ఒక ఈమెయిల్ గ్రూపు ఉంది. మామూలుగా అందులో వచ్చేవి పాత సోఫా అమ్మకానికి ఉందనో, ఇండియా నుంచి వస్తున్న అత్తగారికి ఫ్లైట్లో తోడు కావాలనో. రెండు నెలల నుంచి ఇంకో రకం మొదలైంది. అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రాట్ల తరఫున నిలబడ్డ ఒబామా పైకి చెప్పని ముస్లిం అట, చిన్నప్పుడు ఇండోనేషియాలో మదర్సాలో చదివాడట, సెనేటర్‌గా ఖురాన్ మీద ప్రమాణం చేశాడట, జెండా వందనం చెయ్యడట. అంతా ఎర్ర అక్షరాలు, కింద "మీకు తెలిసిన అందరికీ పంపండి".

నిన్న పొద్దున మాజీ విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ టీవీలో మాట్లాడిన గంటకే మళ్ళీ అదే మెయిల్ దిగింది. పంపినాయన ఇక్కడ ఎన్నో ఏళ్ళుగా ఉన్న పెద్దమనిషి. మేం వచ్చిన కొత్తలో మాకు ఇల్లు వెతికిపెట్టింది ఆయనే, అన్నయ్యా అని పిలుస్తాను. "ఒబామా క్రిస్టియన్ అన్నయ్యా, అదంతా అబద్ధం" అని రాసి పంపబోతూ ఆగిపోయాను. అలా రాస్తే, ముస్లిం అయితే మాత్రం తప్పే అని నేనూ ఒప్పుకున్నట్టే కదా? మీరైతే ఏం రాస్తారు?

నిడదవోలు_రాణి | 20 అక్టోబర్

ఏమీ రాయను, డిలీట్ కొడతాను. మా గ్రూపులో అయితే దీని వెనకాలే సాయిబాబా మెయిల్ వస్తుంది, పదకొండు మందికి పంపితే శుభవార్త అని. రెండూ పంపేది ఒకాయనే.

పల్నాటి_పులి | 20 అక్టోబర్

ముందు నిజాలు పెట్టుకుందాం. మదర్సా కథ 2007 జనవరిలోనే తేలిపోయింది. సీఎన్ఎన్ వాళ్ళు జకార్తాలో ఆ బడికి మనిషిని పంపారు, చూస్తే మామూలు సర్కారు బడి, అన్ని మతాల పిల్లలూ ఉన్నారు. ఖురాన్ మీద ప్రమాణం చేసింది మిన్నెసోటా కాంగ్రెస్ సభ్యుడు కీత్ ఎలిసన్. ఆ ఖురాన్ కూడా ఎవరిదో కాదు, థామస్ జెఫర్సన్ సొంత కాపీ, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి తెచ్చారు. ఇవన్నీ ఎవరికీ తెలియక కాదు. మార్చిలో ప్యూ అనే సంస్థ సర్వే చేస్తే, ఒబామా ముస్లిం అని పదిమందిలో ఒకరు చెప్పారు. అదే మార్చిలో ఆయన చర్చి పాస్టర్ మీద దేశమంతా కొట్టుకుంటోంది. ఒకే నెలలో పాస్టర్ గొడవలో ఇరుక్కున్న ముస్లిం అన్నమాట.

బెంచి_మీద_బాలు | 20 అక్టోబర్

చివరి లైను ఫ్రేము కట్టించాలి 😂

డాలస్_దొర | 20 అక్టోబర్

నేను రిపబ్లికన్ అభ్యర్థి మెక్‌కెయిన్ మనిషిని, ముందే చెప్పేస్తున్నా. ఆ మెయిల్ చెత్త, అందులో అనుమానం లేదు. కానీ ఆ చెత్తని చూపించి అసలు ప్రశ్నని పక్కకి తొయ్యకండి. జెరెమియా రైట్ ఒబామా పెళ్ళి చేసిన పాస్టర్. ఇద్దరు పిల్లలకీ బాప్తిస్మం ఇచ్చిందీ ఆయనే. 9/11 తర్వాత వచ్చిన మొదటి ఆదివారమే, అమెరికా చేసిందే అమెరికాకి తిరిగొచ్చిందని చర్చిలో గొంతు చించుకున్నాడు. 2003లో అయితే దేవుడు అమెరికాని శపించాలన్నాడు. ఇరవై ఏళ్ళ పరిచయం ఉండి, ఆ మాటలప్పుడు నేను అక్కడ లేను అంటే సరిపోతుందా? దీన్ని అడిగితే జాతి వివక్ష ఎలా అవుతుంది?

పల్నాటి_పులి | 20 అక్టోబర్

అడగడం తప్పని ఎవరన్నారు? మీ మెక్‌కెయిన్‌కీ పాస్టర్ల తలనొప్పి ఉంది కదా. హిట్లర్ చేసింది కూడా దేవుడి పథకంలో భాగమే అన్నట్టు ప్రసంగించిన జాన్ హేగీ మద్దతు ఫిబ్రవరిలో తీసుకుని, మే దాకా మోసి, గొడవయ్యాక వదిలేశారు. దాని మీద ఎన్ని రాత్రులు టీవీ చర్చలు నడిచాయి?

డాలస్_దొర | 20 అక్టోబర్

హేగీ ఆయన పెళ్ళి చెయ్యలేదు గురూ. మద్దతిచ్చిన మనిషికీ, కుటుంబ పాస్టర్‌కీ తేడా లేదా?

బ్రాడీపేట_4వ_లైన్ | 21 అక్టోబర్

రైట్ గురించి ఇక్కడ మాట్లాడే వాళ్ళలో చర్చి లోపల పెరిగినవాడిని నేనొక్కడినే అనుకుంటా, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా.

మాది గుంటూరు జిల్లా. తాతగారి కాలం నుంచి లూథరన్లం. ఊళ్ళో మాలపల్లె చర్చి వేరు, మాదిగపల్లె చర్చి వేరు. ఒకే యేసుకి రెండు చర్చిలు ఎందుకని చిన్నప్పుడు అడిగితే అమ్మ నోరు మూసుకోమంది. 1991 ఆగస్టులో చుండూరు జరిగింది. దళితుల్ని చంపి గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. ఆ ఆదివారం మా పాస్టర్ గారు ప్రసంగం చెయ్యలేదు. బైబిల్లో కీర్తనలు 109 తీసి చదివారు. చదివినవాళ్ళకి తెలుసు, అందులో శత్రువు పిల్లలు తండ్రి లేనివారు కావాలని, భార్య విధవరాలు కావాలని ఉంటుంది. ముందు వరసలో ముసలమ్మలు ఆమేన్ అని ఏడుస్తున్నారు. మా పాస్టర్ గారు జీవితంలో చీమకి హాని చేసిన మనిషి కాదు. ఆ చదివిన ముక్కని ముప్పై సెకన్లు కత్తిరించి రోజంతా టీవీలో వేస్తే మేమంతా ఏమవుతాం?

రైట్ చర్చి నినాదం "నల్లవాళ్ళం, సిగ్గుపడం, క్రైస్తవులం, క్షమాపణ చెప్పం" అన్న అర్థంలో ఉంటుంది. కొంతమందికి అది వినగానే ఒళ్ళు మండింది. మాకైతే కొత్తగా ఏమీ అనిపించలేదు. ఇంకోటి, ఆ మనిషి మెరీన్స్‌లో, తర్వాత నేవీలో పనిచేశాడు. ప్రెసిడెంట్ జాన్సన్‌కి ఆపరేషన్ అయినప్పుడు చూసుకున్న వైద్య బృందంలో ఉన్నాడు. దేశభక్తి లేదని అంటున్న టీవీ యాంకర్లలో ఎంతమంది యూనిఫాం వేశారు?

నిడదవోలు_రాణి | 21 అక్టోబర్

ఈ పోస్టు చదివి కాసేపు ఏమీ టైప్ చెయ్యలేకపోయాను.

డాలస్_దొర | 21 అక్టోబర్

బ్రాడీపేట గారూ, మీ పోస్టు మీద గౌరవంతోనే అడుగుతున్నా. ఎయిడ్స్ వైరస్‌ని ప్రభుత్వమే తయారుచేసి నల్లవాళ్ళ మీద వదిలిందన్నాడు రైట్. ఇది కూడా బాధేనా, లేక పచ్చి అబద్ధమా?

బ్రాడీపేట_4వ_లైన్ | 21 అక్టోబర్

పచ్చి అబద్ధమే. కానీ అలబామాలో టస్కిగీ దగ్గర 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ ఉన్న దాదాపు 400 మంది నల్లవాళ్ళకి మందివ్వకుండా, రోగం ఎలా ముదురుతుందో ప్రభుత్వ డాక్టర్లే చూస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. అది పచ్చి నిజం. ఆ నిజం తెలిసిన ముసలాయన ఈ అబద్ధాన్ని నమ్మితే నేను ఆశ్చర్యపోను. పల్పిట్ ఎక్కి చెప్పడం మాత్రం తప్పే.

ఎడిసన్_సుజాత | 21 అక్టోబర్

అందరూ ఒబామాని పాపం అంటున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తా. నేను ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, హిల్లరీకి వేశాను. ఒబామా కూడా శుద్ధపూసేం కాదు. 2007 జూన్‌లో ఆయన టీమ్ పత్రికలకి ఒక కాగితం అందించింది గుర్తుందా? హిల్లరీ పేరు పక్కన, ఆవిడ ఏ రాష్ట్రం మనిషో రాసే చోట న్యూయార్క్‌కి బదులు "పంజాబ్" అని పెట్టారు. మనవాళ్ళ దగ్గర చందాలు తీసుకుంటుందట, ఉద్యోగాలు ఇండియాకి పంపే కంపెనీలకి దగ్గరట. అది బయటపడితే తెలివితక్కువ పొరపాటని ఒబామా సర్దుకున్నాడు. ఎవరి పేరు పక్కన ఏ ఊరు తగిలిస్తే ఓటర్లు అనుమానంగా చూస్తారో ఆయన టీమ్‌కి బాగానే తెలుసు.

ఇక హిల్లరీ ప్రచారంలో ఉన్న ఫెరారో. తెల్లవాడై ఉంటే ఒబామా ఈ స్థితిలో ఉండేవాడు కాదంది. తప్పు మాటే, పదవి వదులుకుంది. మరి హిల్లరీ సభలో "మా చొక్కాలు ఇస్త్రీ చెయ్యి" అని అట్టలు పట్టుకున్నవాళ్ళని చూసి నవ్వుకున్నారు అందరూ. దాని మీద, ఒబామా జాతి గురించి ఇచ్చినట్టు, ఫిలడెల్ఫియా ప్రసంగాలు ఎవరూ ఇవ్వలేదు.

బెంచి_మీద_బాలు | 21 అక్టోబర్

ఓటు లేదు, ప్రాజెక్టు లేదు, లీమన్ బ్యాంకు మునిగిన దగ్గర్నుంచి గెస్ట్ హౌస్‌లో ఆరుగురం కూర్చుని రోజంతా ఇవే చూస్తున్నాం. మా రూమ్‌లో లెక్క వేరే. ఒబామా జేబులో బుల్లి హనుమంతుడి బొమ్మ ఉంటుందని టైమ్ మ్యాగజైన్ ఫోటో వేసింది కదా, దాన్ని చూసి ఢిల్లీలో ఎవరో పెద్ద విగ్రహమే చేయించి ఇచ్చారు. మా నెల్లూరు తమ్ముడు ఆ రోజే ఒబామా వైపు మారిపోయాడు. అదే జేబులో మేరీమాత కూడా ఉందని చెప్తే వినడు.

పల్నాటి_పులి | 21 అక్టోబర్

ముస్లిం అని ఒక గ్రూపులో, హనుమాన్ భక్తుడని ఇంకో గ్రూపులో. రెండూ మనవాళ్ళే. ఆయన పాపం ఆదివారం చర్చికెళ్ళి ఇరుక్కున్నాడు.

కర్నూలు_కోట | 21 అక్టోబర్

చదువుతూ ఊరుకుందామనుకున్నా గానీ శీను అన్న అడిగిన ప్రశ్న నాకే తగిలింది.

నేను కర్నూలు, ఇప్పుడు డెట్రాయిట్ పక్కన ఉంటున్నా. ముస్లింని. జూన్‌లో ఇక్కడ ఒబామా సభ జరిగింది. తలకి స్కార్ఫ్ కట్టుకున్న ఇద్దరు ఆడపిల్లల్ని, ఆయన వెనక టీవీలో కనపడే వరసలో కూర్చోవద్దని కార్యకర్తలు పంపేశారు. తర్వాత ఒబామా తనే ఫోన్ చేసి క్షమాపణ చెప్పాడు, అది కూడా చెప్పాలి. అయోవాలో సీడర్ రాపిడ్స్ మసీదులో ఆయన తరఫున మాట్లాడతానని కీత్ ఎలిసన్ ముందుకొస్తే, టీమ్ వాళ్ళు వద్దన్నారు. ఈ ప్రచారంలో చర్చిలకి వెళ్ళాడు, యూదుల గుడులకి వెళ్ళాడు, మసీదు గడప మాత్రం తొక్కలేదు. ఎందుకో నాకు తెలుసు. ఒక్క ఫోటో చాలు, ఎన్నిక గోవిందా.

అయినా ఆయనకే వేస్తున్నా. మా మసీదులో అందరూ ఆయనకే. "నాకు కోపం రాకూడదు, వస్తే ఆయన ఓడిపోతాడు" అన్న లెక్కలో బతుకుతున్నాం ఏడాదిగా.

ఆష్‌బర్న్_శీను | 21 అక్టోబర్

పావెల్ అన్నది సరిగ్గా ఇదే భాయ్. ఆదివారం ఆయన ఒబామాకి మద్దతు చెప్పింది అందరూ రాశారు గానీ, నన్ను పట్టుకున్న ముక్క వేరు. ఒబామా ముస్లిం కాదు, ఎప్పుడూ క్రైస్తవుడే, అది సరైన జవాబు అన్నాడు. ఆ తర్వాత ఆగి, అసలు జవాబు అది కాదు, ముస్లిం అయితే ఏంటి, ఈ దేశంలో ముస్లిం కావడం తప్పా అని అడిగాడు. ఏడేళ్ళ ముస్లిం పిల్లాడు ప్రెసిడెంట్ కావాలని కలగంటే తప్పా అన్నాడు. ఆర్లింగ్టన్ సైనికుల శ్మశానంలో ఒక సమాధి ఫోటో గురించి చెప్పాడు. ఇరాక్‌లో చనిపోయిన ఇరవై ఏళ్ళ కుర్రాడు, రాయి మీద శిలువ లేదు, నెలవంక ఉంది, తల్లి ఆ రాయికి తల ఆనించి కూర్చుంది. చెప్పింది ఎవరు? రిపబ్లికన్, నాలుగు స్టార్ల జనరల్. ఈ మాట చెప్పడానికి ఎన్నిక అయిపోవచ్చేదాకా ఒక్కరు దొరకలేదు.

డాలస్_దొర | 22 అక్టోబర్

మెక్‌కెయిన్ చెప్పలేదా? పదో తారీఖున మిన్నెసోటా లేక్‌విల్‌లో ఒకావిడ "ఒబామా అరబ్" అంటే, మైకు లాక్కుని కాదమ్మా అని ఆపాడు. సొంత సభలో, సొంత జనం ముందు. ఎంతమంది చేస్తారు? ఇంకోటి, ఈ పుకార్ల దెబ్బ ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. 2000లో సౌత్ కరోలినా ప్రైమరీలో, ఆయనకి నల్ల ఆవిడతో అక్రమ సంతానం ఉందని ఫోన్లు చేసి ప్రచారం చేశారు. ఆ పాప బంగ్లాదేశ్ అనాథాశ్రమం నుంచి తెచ్చి పెంచుకున్న బిడ్డ.

నిడదవోలు_రాణి | 22 అక్టోబర్

ఆపాడు, ఒప్పుకుంటా. కానీ ఆపుతూ ఏమన్నాడు? "కాదమ్మా, మంచి కుటుంబీకుడు, పౌరుడు" అన్నాడు. అంటే అరబ్బులు మంచి కుటుంబీకులు కారా?

డాలస్_దొర | 22 అక్టోబర్

నిలబడి, కెమెరాల ముందు, రెండు సెకన్లలో చెప్పిన మాట అది. దాన్ని భూతద్దం పెట్టి చూస్తే ఎవరూ మిగలరు.

కర్నూలు_కోట | 22 అక్టోబర్

దొర గారు చెప్పింది నిజం. ఆ రోజు మెక్‌కెయిన్‌ని చూస్తే నాకు గౌరవమే కలిగింది. ఆ రెండు సెకన్లలో నోటికి వచ్చిన మాట చూస్తే దిగులేసింది. రెండూ నిజమే.

ఫెయిర్‌ఫాక్స్_ఫణి | 22 అక్టోబర్

మనకేం, మనం హిందువులం అనుకునేవాళ్ళ కోసం. 2006లో మన వర్జీనియా సెనేటర్ జార్జ్ ఆలెన్, ఎదుటి పార్టీ తరఫున వీడియో తీస్తున్న సిద్ధార్థ్ అనే కుర్రాడిని మకాకా అన్నాడు. కోతి పేరు అది. "అమెరికాకి స్వాగతం, అసలైన వర్జీనియాకి స్వాగతం" అని కూడా వడ్డించాడు. ఆ కుర్రాడు పుట్టి పెరిగింది ఈ ఫెయిర్‌ఫాక్స్‌లోనే. ఆలెన్ పది వేల లోపు ఓట్లతో ఓడిపోయాడు.

మొన్న శనివారం మెక్‌కెయిన్ సలహాదారు ఒకావిడ టీవీలో మళ్ళీ అదే పాట. మనం ఉండే ఉత్తర వర్జీనియా వేరట, "అసలైన వర్జీనియా" మిగతాదట. మనం కట్టే టాక్సులు మాత్రం అసలైనవే.

బెంచి_మీద_బాలు | 22 అక్టోబర్

నేను ఉత్తుత్తి వర్జీనియాలో ఉత్తుత్తి ఉద్యోగం చేస్తున్నా.

నిడదవోలు_రాణి | 22 అక్టోబర్

ఫణి గారి మాటకి కలిపి నాదొకటి. 2001లో మేం అరిజోనాలో ఉండేవాళ్ళం. మెసాలో 9/11 అయిన నాలుగో రోజు, గ్యాస్ స్టేషన్ ముందు మొక్కలు నాటుకుంటున్న సర్దార్జీని కాల్చేశారు, తలపాగా చూసి. మా వారు వెంటనే వెళ్ళి కారు వెనక పెద్ద జెండా స్టిక్కర్ అంటించుకొచ్చారు, నిలువునా గీతలు పడేటట్టు వంకరగా. మా అత్తగారు నిడదవోలు నుంచి ఫోన్ చేసి, "బొట్టు పెద్దది పెట్టుకుని బయటికెళ్ళమ్మా, వాళ్ళు కాదని తెలుస్తుంది" అన్నారు. నెల రోజులు అలాగే పెట్టుకున్నా. బొట్టు చూసి ఎవరూ ఏమీ తెలుసుకోలేదు, కిరాణా కొట్టులో "మీ దేశం పో" అని ఒకడు అననే అన్నాడు.

కర్నూలు_కోట | 22 అక్టోబర్

అక్కా, మా ఆవిడకి ఆ బొట్టు వీలు కూడా లేదు.

సీతమ్మధార_సిద్ధు | 22 అక్టోబర్

ఇండియా నుంచి చదువుతున్నా. అమెరికాని తిడుతున్నారు గానీ మన ఇంట్లో సంగతో? 2004లో సోనియా ప్రధాని అయితే గుండు కొట్టించుకుంటానని సుష్మా స్వరాజ్ అనలేదా? మన ముఖ్యమంత్రి రాజశేఖర రెడ్డి క్రైస్తవుడని తిరుమల కొండల మీద ఎంత రచ్చ జరిగింది?

డాలస్_దొర | 22 అక్టోబర్

కలాం గారు రాష్ట్రపతి అయ్యారు. సిక్కు ప్రధాని ఉన్నాడు.

సీతమ్మధార_సిద్ధు | 22 అక్టోబర్

ఇద్దరూ జనం ముందుకెళ్ళి "నన్ను చూసి ఓటెయ్యండి" అని గెలిచి రాలేదు కదా. ఒబామా వెళ్తున్నాడు, మధ్యలో హుస్సేన్ అన్న పేరు పెట్టుకుని.

ఎడిసన్_సుజాత | 22 అక్టోబర్

పేరంటే గుర్తొచ్చింది. లూసియానా గవర్నర్ పీయూష్ జిందాల్ చిన్నప్పుడే బాబీ అయ్యాడు, తర్వాత కాథలిక్ అయ్యాడు. ఆయన నమ్మకం ఆయనది, నేను తప్పు పట్టను. ఒబామా మాత్రం కాలేజీ దాకా బ్యారీగా ఉండి, తర్వాత బరాక్‌కి తిరిగెళ్ళాడు. ఎదురు దిక్కు ప్రయాణం. హిల్లరీ మనిషినైనా ఈ ఒక్కదానికి మార్కులు వేస్తా. వచ్చే నెల ఓటు కూడా ఆయనకే, ఏం చేస్తాం.

డాలస్_దొర | 23 అక్టోబర్

అందరూ ఒబామాని మెచ్చుకుంటున్నారు కాబట్టి ఒక్కటి అడిగి పోతా. మార్చి 18న ఫిలడెల్ఫియాలో 37 నిమిషాలు మాట్లాడి, రైట్‌ని వదులుకోవడం అంటే నల్లజాతిని వదులుకోవడమే, నన్ను పెంచిన తెల్ల అమ్మమ్మని వదులుకోవడమే అన్నాడు. ఏప్రిల్ 29న వదిలేశాడు. మే నెలాఖరుకి చర్చి కూడా మానేశాడు. ఆరు వారాల్లో అమ్మమ్మ ఏమైంది?

పల్నాటి_పులి | 23 అక్టోబర్

మధ్యలో 28న రైట్ నేషనల్ ప్రెస్ క్లబ్‌కి వెళ్ళి, ఒబామా రాజకీయ నాయకుడు కాబట్టి అలా మాట్లాడాలి, మాట్లాడతాడు అన్నాడు. అంటే ఆ ప్రసంగం అంతా నాటకమని సొంత పాస్టరే చెప్పినట్టు. ఎయిడ్స్ మాట అడిగితే వెనక్కి తగ్గలేదు. అంతమంది ముందు పరువు తీసినవాడిని ఇంకెలా మొయ్యాలి?

బ్రాడీపేట_4వ_లైన్ | 23 అక్టోబర్

దొర గారి ప్రశ్న మంచిదే, నా దగ్గర పులి గారంత తేలిక జవాబు లేదు. ఫిలడెల్ఫియా ప్రసంగంలో నాకు నచ్చింది అమ్మమ్మ ముక్కే. ప్రాణంగా పెంచిన మనిషే, వీధిలో ఎదురొచ్చే నల్లవాళ్ళంటే భయమని చెప్పిందని అందరి ముందూ అన్నాడు. ఇంట్లోవాళ్ళని అలా బయట పెట్టొచ్చా అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. రైట్‌ని వదిలెయ్యకపోతే గెలవడు, అది ఆయనకీ తెలుసు, రైట్‌కీ తెలుసు. ఇన్నేళ్ళూ నిలబెట్టిన చర్చినే వైట్ హౌస్ గడప దాటడానికి బయట వదిలెయ్యాల్సి వచ్చింది. తెల్ల అభ్యర్థికి ఆ పరీక్ష పెట్టరు. ఆ మాట చెప్పినంత మాత్రాన ఆయన చేసింది నాకు నచ్చిందని కాదు.

డాలస్_దొర | 23 అక్టోబర్

ఇది నేను ఒప్పుకునే జవాబు. ఓటు మాత్రం మెక్‌కెయిన్‌కే 🙂

నిడదవోలు_రాణి | 23 అక్టోబర్

శీను గారూ, ఇంతకీ మీ అన్నయ్యకి ఏం రాశారు?

ఆష్‌బర్న్_శీను | 24 అక్టోబర్

రాత్రి గ్రూపంతటికీ వెళ్ళేటట్టు పంపాను. ఖురాన్ ప్రమాణం ఎలిసన్‌దని, మదర్సా కథ అబద్ధమని రెండు లైన్లు. కింద, "అయినా అన్నయ్యా, ముస్లిం అయితే మనకేంటి? 2001లో మనల్నీ అదే అనుకుని చూశారు కదా, అప్పుడు మీరే చెప్పారు ఆ కథలు" అని.

ఇద్దరు విడిగా మెయిల్ చేసి బాగా రాశావన్నారు, గ్రూపులో మాత్రం కిమ్మనలేదు. ఒకాయన నన్ను కమ్యూనిస్టు అన్నాడు. అన్నయ్య దగ్గర్నుంచి ఏమీ రాలేదు. పొద్దున్నే గ్రూపు అడ్మిన్ నోటీసు పెట్టాడు, ఇక్కడ రాజకీయాలు నిషేధం, దీపావళి పాట్‌లక్ సంగతులు మాత్రమే అని. రెండు నెలలు ఆ మెయిల్ తిరిగినప్పుడు అది రాజకీయం కాలేదు.

పల్నాటి_పులి | 24 అక్టోబర్

ఎక్కడైనా అంతే. జవాబు చెప్పినవాడే రాజకీయం చేసినట్టు.

బెంచి_మీద_బాలు | 24 అక్టోబర్

పాట్‌లక్‌కి బయటివాళ్ళని రానిస్తారా? ఆరుగురం ఉన్నాం, పులిహోర తినక చాలా రోజులైంది.

ఆష్‌బర్న్_శీను | 24 అక్టోబర్

రండి. పులిహోర తెచ్చేది అన్నయ్యావాళ్ళే, లిస్టులో ఇప్పుడే చూశాను.